మారుమూల గనులకు ఉపగ్రహం తెచ్చిన మార్పు

(నల్లజర్లలో జరిగిన సంఘ సభ్యుల, కుటుంబ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శిగారు నాకు ఫోన్ చేసి "మీరు గనుల్లో కమ్యూనికేషన్ విభాగంలో చేశారు కదా, ఉపగ్రహాల గురించి ఓ అరగంట మాట్లాడండి" అన్నారు. నేను శాస్త్రవేత్తను కాను. రాకెట్లు చేసినవాణ్ణి కాను. ఆ రాకెట్లు పైకి పంపిన వస్తువు వల్ల కింద కొండ మీద ఉన్న మా బోటి వాళ్ళ బ్రతుకు ఎలా మారిందో కళ్ళారా చూసినవాణ్ణి. ఆ మేరకే చెబుతాను.

నా ఉద్యోగమంతా బైలదిల్లాలో గడిచింది. ఆ పేరుకు ఎద్దు మూపురం అని అర్థం. దూరం నుంచి చూస్తే ఆ కొండల వరస అచ్చంగా అలాగే ఉంటుంది. అప్పట్లో మధ్యప్రదేశ్‌లో బస్తర్ జిల్లా. 2000 నవంబరు నుంచి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం. ఇప్పుడు దంతెవాడ జిల్లా. 1958లో ఏర్పడిన, ఇప్పుడు హైదరాబాదు ప్రధాన కార్యాలయంగా ఉన్న జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ అక్కడ 1968లో కిరండూల్ వైపు, 1977లో బచేలి వైపు ఇనుప ఖనిజం తవ్వకం మొదలుపెట్టింది. ఆ ఖనిజం కోసమే కొత్తవలస నుంచి కిరండూల్ దాకా కొండలు తొలిచి రైలు మార్గం వేశారు. యాభైకి పైగా సొరంగాలు. అరకు చూడటానికి మీలో చాలామంది ఎక్కిన రైలు అదే. మీరు అరకులో దిగిపోయారు, మేము రాత్రి దాకా కూర్చునేవాళ్ళం. అంతే తేడా.

మన జిల్లాల నుంచి అక్కడికి వెళ్ళినవాళ్ళు తక్కువేం కాదు. ఫిట్టర్లు, షావెల్ ఆపరేటర్లు, డంపర్ డ్రైవర్లు, నర్సులు, బడిపంతుళ్ళు. కాలనీలో ఏ వీధికి వెళ్ళినా తెలుగు వినపడేది. ఉగాది పచ్చడికి వేపపువ్వు కొరత లేదు, మామిడికాయకూ కొరత లేదు. కొరతల్లా ఇంటి కబురుకే.

పటం తీసి చూడండి. నల్లజర్ల నుంచి కిరండూల్ దాదాపు సూటిగా ఉత్తరాన ఉంది. కాకి ఎగిరినట్టు కొలిస్తే రెండు వందల కిలోమీటర్లకు లోపే. కాని మనం కాకులం కాదు గదా. తాడేపల్లిగూడెంలో రైలెక్కి విశాఖ, అక్కడ రాత్రి ప్లాట్‌ఫారం మీద, మళ్ళీ పొద్దున్నే కిరండూల్ పాసింజరు. అన్నీ కలిపితే ఏడు వందల కిలోమీటర్లు. కొండచరియ విరిగి పట్టాల మీద పడిందంటే ఎన్ని రోజులో చెప్పలేం. భద్రాచలం, కుంట మీదుగా బస్సు దారి ఉంది గాని వానాకాలంలో వాగులు అడ్డం.

ఇక కబురు సంగతి. ఉత్తరం వారం పట్టేది. టెలిగ్రాం ఒకటి రెండు రోజుల్లో రావాలి, లైన్లు బాగుంటే. ట్రంకుకాల్ సంగతి ఇక్కడున్న పిల్లలకు తెలియదు. ముందు బుక్ చేసుకోవాలి. ఆర్డినరీ, అర్జెంటు, ఆ పైన లైట్నింగ్ అని మూడు రకాలు. లైట్నింగ్ అంటే మామూలు రేటుకు ఎనిమిది రెట్లు. పేరు మెరుపే గాని ఆ మెరుపు కోసం కూడా బెంచీ మీద గంటలు కూర్చున్నవాళ్ళను చూశాను. చివరికి లైను కలిస్తే, అవతల మనిషి బావిలోంచి మాట్లాడినట్టుండేది. మధ్యలో ఆపరేటరు "మాట్లాడండి, మాట్లాడండి" అని గదమాయింపు. మూడు నిమిషాలు అయిపోయేవి.

మా ఖనిజం విశాఖ రేవులో ఓడెక్కి జపాను వెళ్ళేది. ఎప్పుడు రేక్ బయల్దేరింది, ఎప్పుడు రేవు చేరింది, ఎన్ని టన్నులు, అన్నీ లెక్క తప్పకుండా ఆ పూటకు ఆ పూట తెలియాలి. వైర్‌లెస్‌లో ఆ లెక్కలు చేరవేయటమే మా విభాగం పని. అంటే ఇనుము కబురు వెళ్ళేది, దాన్ని తవ్విన మనిషి కబురు వెళ్ళేది కాదు. సంస్థ వైర్‌లెస్ సంస్థ పనులకే. నిబంధన అది. దాన్ని తప్పు పట్టను గాని, ఆ నిబంధన బరువు ఏమిటో 1977 నవంబరులో చూశాను.

నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడింది. పది వేల ప్రాణాలు పోయాయని ప్రభుత్వ లెక్క. మాకు ఆ సంగతి తెలిసింది రేడియోలో. రాత్రిపూట విజయవాడ కేంద్రం కరకరమంటూ వచ్చేది, ఆ రోజుల్లో అదీ సరిగా రాలేదు. ఢిల్లీ తెలుగు వార్తల్లో రెండు ముక్కలు విన్నాం. కాలనీలో నాగాయలంక వైపు వాళ్ళు, బందరు వైపు వాళ్ళు, మన కొల్లేటి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఉన్నారు. అందరూ మా కేబిన్ ముందు చేరారు. పగలు షిఫ్టుకు వెళ్ళి, రాత్రి వచ్చి అక్కడే అరుగు మీద కూర్చునేవారు. నా చేతిలో సెట్టు ఉంది, దాన్లో విశాఖ పలుకుతోంది. విశాఖ వాళ్ళకు మాత్రం ఏం తెలుసు? కోస్తా అంతటా స్తంభాలు పడిపోయాయి. నాగాయలంక దగ్గర పల్లెకు చెందిన ఫిట్టర్ ఒకాయన నాలుగు రోజులు చూసి, ఇక ఆగలేక, సెలవు చీటీ నా చేతిలో పెట్టి రైలెక్కేశాడు. ఆయన ఊరు చేరేసరికి గుర్తుపట్టటానికి ఇల్లు లేదు. తల్లిని, చెల్లెల్ని ఎప్పుడు ఎక్కడ దహనం చేశారో చెప్పేవాళ్ళు లేరు. నెల తరవాత తిరిగి వచ్చాడు. ఆ తరవాత ఆయన మా కేబిన్ గడప తొక్కలేదు. ఎదురైతే పలకరించేవాడు గాని, ఆ గదివైపు చూసేవాడు కాదు.

ఇది ఎందుకు చెప్పానంటే, ఉపగ్రహం వల్ల ఏం వచ్చిందీ అంటే చాలామంది టీవీ అంటారు, ఇంటర్నెట్ అంటారు. నా లెక్కలో మొదటిది అది కాదు. స్తంభం అక్కర్లేని కబురు వచ్చింది. ఉప్పెనకు పడిపోని స్తంభం అనుకోండి.

అదెలా సాధ్యమో రెండు మాటల్లో చెబుతాను. భూమధ్యరేఖ మీదుగా దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఒక వస్తువును తిప్పితే, అది భూమిని చుట్టిరావటానికి సరిగ్గా భూమి తన చుట్టూ తాను తిరిగినంత సమయమే పడుతుంది. కనుక కింద ఉన్న మనకు అది ఆకాశంలో ఒక్కచోటే మేకు కొట్టినట్టు కనపడుతుంది. గొడుగులాంటి డిష్‌ను ఒకసారి అటు తిప్పి బిగిస్తే చాలు. ఈ సంగతి 1945లోనే ఆర్థర్ క్లార్క్ అనే ఇంగ్లీషు రచయిత ఒక వైర్‌లెస్ పత్రికలో రాశాడు. అప్పటికి ఆకాశంలోకి ఒక్క ఉపగ్రహం కూడా పోలేదు. ఆయన తరవాత సింహళంలో స్థిరపడ్డాడు.

ఇప్పుడు లెక్క చూడండి. కిరండూల్ నుంచి నల్లజర్ల రెండు వందల కిలోమీటర్లు. మన మాట 36,000 పైకి, 36,000 కిందికి, మొత్తం 72,000 కిలోమీటర్లు తిరిగి వస్తుంది. అయినా పావు సెకనే. రైల్లో వచ్చిన మాకు రెండు రోజులు.

మన దేశంలో ఇది ఒక్కరోజున రాలేదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా వారి ఉపగ్రహాన్ని అరువు తీసుకుని ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ చూపించారు. వాటిలో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 1977 నుంచి రెండేళ్ళు ఫ్రెంచి, జర్మనీ వాళ్ళ సింఫనీ ఉపగ్రహంతో టెలిఫోను ప్రయోగాలు చేశారు. 1981లో మన సొంత యాపిల్. దాన్ని ఎద్దుబండి మీద పెట్టి తీసుకెళ్తున్న ఫోటో మీరంతా చూసే ఉంటారు. 1982 ఏప్రిల్‌లో ఇన్సాట్-1ఎ వెళ్ళింది, సెప్టెంబరుకల్లా మూలపడింది. 1983 ఆగస్టు 30న ఇన్సాట్-1బి వెళ్ళింది. దానికి కూడా సౌరఫలకం విచ్చుకోక రెండు వారాలు అందర్నీ ఏడిపించింది. విచ్చుకున్నాక మాత్రం అదే మనల్ని నిలబెట్టింది.

మా కొండకు మొదట వచ్చింది బొమ్మే. 1980ల మధ్యకల్లా దేశమంతటా చిన్న టీవీ ట్రాన్స్‌మిటర్లు వెలిశాయి, ఢిల్లీ కార్యక్రమాన్ని ఇన్సాట్ నుంచి అందుకుని చుట్టుపక్కలకు పంచేవి. కాని అంతా హిందీ. మగవాళ్ళం పనిలో హిందీ నేర్చుకున్నాం. ఇంట్లో ఆడవాళ్ళకు, ముఖ్యంగా ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్ళకు, అది మూగబొమ్మతో సమానం. 1990లలో దూరదర్శన్ తెలుగు కార్యక్రమాలు ఉపగ్రహం మీదికి రావటం, 1995లో జెమిని, ఈటీవీ మొదలవటం మా కాలనీలో పండగ. కేబుల్ కుర్రవాడు పెద్ద డిష్ బిగించి తెలుగు ఛానల్ పెట్టిన రోజున మా పక్కింటి పెద్దావిడ వార్తలు అయ్యేదాకా కదల్లేదు. వార్తల తరవాత వచ్చే ధరలు, వాతావరణం కూడా వదల్లేదు. గుంటూరులో మిర్చి ధరతో ఆవిడకేం పని? అయినా వినాలి. తన భాషలో ఎవరో రోజూ వచ్చి మాట్లాడుతున్నారు, అదీ సంగతి.

తరవాత వచ్చింది టెలిఫోను. 1990ల మొదట్లో చిన్న డిష్‌లతో మారుమూల సంస్థలకు సందేశాలు పంపే ఏర్పాటు టెలికాం శాఖ వారు పెట్టారు. దాని ప్రధాన కేంద్రం సికింద్రాబాదులో ఉందంటే మన సికింద్రాబాదే కాబోలని మావాళ్ళు సంబరపడ్డారు. అది ఉత్తరప్రదేశ్‌లో ఉన్న మరో సికింద్రాబాదు. ఆ వీశాట్ అనే చిన్న డిష్‌లు వచ్చాక గనులకు, ప్రధాన కార్యాలయాలకు నేరుగా మాట కలిసింది. అయితే అలాంటి సొంత లైనును ఊళ్ళోని మామూలు టెలిఫోనుకు కలపకూడదని చట్టం. కనుక ఏం చేసేవాళ్ళమో చెబుతాను. కొండ మీద నుంచి మేము హైదరాబాదులో ఉన్న మావాడితో చెప్పేవాళ్ళం. ఆయన ఎడమ చేత్తో ఈ ఫోన్ పట్టుకుని కుడి చేత్తో ఊరి ఫోన్ తిప్పి, "మీ అబ్బాయి క్షేమం, పై నెల వస్తాడట" అని చెప్పి, వాళ్ళ మాట మళ్ళీ మాకు చెప్పేవాడు. అలా ఒకసారి ఒక డంపర్ డ్రైవరుకు ఆడపిల్ల పుట్టిన కబురు పుట్టిన గంటలోపే చేరింది. హైదరాబాదు మనిషి "తల్లీ పిల్లా క్షేమం, బరువు ఆరు పౌన్లు" అన్నాడు. ఆ డ్రైవరు "పోలిక ఎవరిది?" అని అడిగాడు. ఇది అవతలికి వెళ్ళి తిరిగి వచ్చేసరికి మా గదిలో ఇరవైమంది పోగయ్యారు. మేనత్త పోలికట.

కాలనీలో ఎస్టీడీ బూత్ వచ్చాక ఈ దుబాసీ పని పోయింది. కొన్ని కాల్స్ ఉపగ్రహం మీదుగా వెళ్ళేవి. మాటకూ మాటకూ మధ్య వచ్చే ఆగుడును బట్టి నాకు తెలిసిపోయేది. మనం అన్నది అక్కడికి పావు సెకను, వాళ్ళన్నది ఇక్కడికి పావు సెకను. తెలియనివాళ్ళు జవాబు రాలేదని మళ్ళీ "హలో" అనేవారు, ఈలోపు జవాబు వచ్చి రెండూ గుద్దుకునేవి. మా నాన్నగారికి "ఒక మాట చెప్పి కాస్త ఆగండి" అని నేర్పాను. ఆయన సినిమాల్లో పోలీసులను చూసి ఉన్నారు కనుక ప్రతి మాట చివరా "ఓవర్" అనటం మొదలుపెట్టారు. "మీ అమ్మకు మోకాళ్ళ నొప్పి ఓవర్." ఆ తరవాత ఉపగ్రహం మీదుగా కాకపోయినా, పక్క ఊరికి ఫోన్ చేసినా, పోయేదాకా ఆయన ఓవర్ మానలేదు.

తుపాను సంగతి మళ్ళీ ఎత్తుతాను. 1977 తరవాత ప్రభుత్వం చేసిన మంచి పనుల్లో ఒకటి, ఇన్సాట్ ద్వారా తీరప్రాంతాలకు నేరుగా, స్థానిక భాషలో తుపాను హెచ్చరిక వినిపించే ఏర్పాటు. 1990 మే 9న కృష్ణా ముఖం దగ్గర తుపాను తీరం దాటింది. బలంలో 1977 దానికి తీసిపోయేది కాదు. అయితే ముందే ఉపగ్రహం ఫోటో తీసింది, ముందే హెచ్చరిక వెళ్ళింది, లక్షల మందిని ముందే తరలించారు. మృతులు వెయ్యికి లోపు. అదీ తక్కువ కాదు, ఆ కుటుంబాలకు. కాని పది వేలకూ వెయ్యికీ తేడా ఉంది. కొండ మీద మేము టీవీలో ఆ తెల్లటి చక్రం మన తీరంవైపు జరగటం చూశాం. 1996 నవంబరు 6న కోనసీమ మీద పడినప్పుడు మన కోస్తావాళ్ళు బూత్ ముందు బారులు తీరారు. లైన్లు అన్నీ కలవలేదు. అమలాపురం వైపు చాలా రోజులు కలవనే లేదు. అయినా ఏలూరులో ఒకరికి తగిలితే, వాళ్ళ ద్వారా పది ఇళ్ళ సంగతి తెలిసింది.

ఇక దీని లోపాలు కూడా చెప్పాలి, లేకపోతే అమ్మకానికి వచ్చినవాడి మాటలా ఉంటుంది. బస్తర్ వాన మన వాన కాదు. చిన్న డిష్‌లకు వాడే తరంగాలు జోరువానలో నీళ్ళలోనే ఇంకిపోతాయి. సరిగ్గా అవసరమైన రాత్రే లైను పడుకునేది. ఇనుప కొండ మీద పిడుగుల బాధ వేరే. అన్నిటికీ మించి, ఆకాశంలో ఉన్నది చెడితే నిచ్చెన వేసి ఎక్కి బాగుచేసేవాడు లేడు. 1997 అక్టోబరులో ఇన్సాట్-2డి అలా చెడిపోయింది, వెళ్ళి నాలుగు నెలలు కాలేదు. దేశంలో ఎన్నో చోట్ల లైన్లు మూగబోయాయి. చివరికి అరబ్బుల ఉపగ్రహం ఒకటి కొని ఆ పని దానికి అప్పగించారు.

సింగరేణి నుంచి వచ్చిన మిత్రుడొకరు ఇందాక నన్ను "మాకేం ఒరిగింది మీ ఉపగ్రహం వల్ల?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. మాది కొండ పైన తెరిచిన గని. వారిది భూగర్భం. ఉపగ్రహం తరంగం నాలుగు అడుగుల మట్టిని దాటి రాలేదు. బొగ్గు పొరలో పనిచేసేవాడికి ఆకాశం లేదు. అతనికి తీగ కట్టిన టెలిఫోనే దిక్కు. గని లోపల పైకప్పు కూలితే కబురు చెప్పేది ఆ తీగే. ఉపగ్రహం వచ్చిందని ఆ తీగ ఖర్చు తగ్గించే అధికారి ఎక్కడైనా ఉంటే అతన్ని ఒక షిఫ్టు కిందికి దింపాలి.

మా విభాగం సంగతీ చెప్పాలి. వైర్‌లెస్ కేబిన్‌లో మేము షిఫ్టుకు ఇద్దరం చేసేవాళ్ళం. డిష్ వచ్చాక ఆ పోస్టులు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి, నింపలేదు. సముద్రం మీద కూడా అంతే. 1999 ఫిబ్రవరి నుంచి ఓడల్లో మోర్స్ కొట్టే రేడియో ఆఫీసరు తప్పనిసరి కాకుండా పోయాడు, ఆ పని ఉపగ్రహం చేస్తోంది. 2013 జూలైలో టెలిగ్రామే ఆగిపోయింది. మన సంఘంలో తపాలా తంతి శాఖ మిత్రులున్నారు, వారికి వేరే చెప్పక్కర్లేదు. ఇంకో సంగతి. లైను లేని రోజుల్లో ప్రధాన కార్యాలయానికి మేము అందేవాళ్ళం కాదు. లైను వచ్చాక రాత్రి పదకొండింటికి "రేపటి టన్నులెంత?" అని ఫోన్. ఇంటి కబురు వచ్చే దారిలోనే ఆఫీసూ వచ్చింది.

అన్నిటికంటె నన్ను బాధపెట్టే సంగతి వేరే ఉంది. కొండ మీద కాలనీలో టీవీ, ఫోను, ఆసుపత్రి. కొండ దిగువన గోండు పల్లెల్లో ఏమీ లేదు. ఎర్రటి నీళ్ళు వాళ్ళ వాగుల్లో, కబుర్లు మా ఇళ్ళల్లో. పల్లెలో పాము కరిస్తే మనిషిని మంచం మీద మోసుకుని కొండెక్కాలి. ఆ డిష్ పాతింది వాళ్ళ నేల మీదే గదా. 2000 సంవత్సరంలో మన చిత్తూరు జిల్లా అరగొండలో ఆసుపత్రికి ఉపగ్రహం కలిపి దూరం నుంచి డాక్టరు చూసే ఏర్పాటు చేశారని చదివినప్పుడు, ఇది అక్కడ కూడా పెట్టవచ్చు గదా అని అడిగాను. నేను అడిగిన చోట నవ్వి ఊరుకున్నారు.

తరవాత ఆ ప్రాంతంలో తుపాకులు పెరిగాయి. 2006 ఫిబ్రవరిలో గనుల పేలుడు పదార్థాల గోదాము మీద మావోయిస్టుల దాడిలో 8 మంది రక్షక దళం జవాన్లు చనిపోయారు. 2007 వేసవి చివర విద్యుత్ టవర్లు కూల్చేస్తే బస్తర్ అంతా రోజుల తరబడి చీకటి. 2014లో కేంద్రం ఇలాంటి ప్రాంతాల్లో 2,199 చోట్ల మొబైల్ టవర్లు పెట్టడానికి ఆమోదించింది. కేబుల్ వేయలేని చోట ఆ టవర్లను బయటి ప్రపంచానికి కలిపింది ఉపగ్రహమే. అలా మా కొండ దిగువ పల్లెలకు కూడా ఫోను వచ్చింది, మా తరవాత పాతికేళ్ళకు. జవాన్లు ఉపగ్రహ ఫోనులో ఇంటికి మాట్లాడటానికి నిమిషానికి అయిదు రూపాయలుండేది. 2017 దీపావళికి రూపాయి చేశారు. ఆ వార్త చదివి నేను మా వీధిలో అందరికీ చెప్పాను. ఎవరికీ అంతగా ఎక్కలేదు.

ఇప్పుడు కొత్త రకం వచ్చింది. 36,000 కిలోమీటర్లు కాకుండా అయిదారు వందలు, వెయ్యి రెండు వందల కిలోమీటర్ల ఎత్తులోనే వందలు, వేలు చిన్న ఉపగ్రహాలు. అవి ఒక్కచోట ఉండవు, ఒకటి వెళ్ళిపోతే ఇంకొకటి అందుకుంటుంది. మాటలో ఆగుడు ఉండదు, ఓవర్ అనక్కర్లేదు. వన్‌వెబ్ అనే సంస్థకు చెందిన 36 ఉపగ్రహాలను 2022 అక్టోబరులో, మళ్ళీ 36ను 2023 మార్చిలో పంపింది మన శ్రీహరికోట నుంచే. స్టార్‌లింక్‌కు 2025లో మన దేశంలో లైసెన్సు ఇచ్చారు. ఆస్ట్రేలియా ఎడారి గనుల్లో పనిచేసే మన పిల్లలు షిఫ్టు అవగానే వీడియోలో తల్లిదండ్రులతో మాట్లాడుతున్నారు. మా అన్నయ్యగారి మనవడు అక్కడ ఇనుప గనిలోనే ఉన్నాడు. ఏం తిన్నావురా అని అడిగితే పళ్ళెం చూపిస్తాడు.

ఒక్క జాగ్రత్త చెప్పి ముగిస్తాను, ఇది పిల్లలు విదేశాల్లో ఉన్నవాళ్ళకు. థురాయా, ఇరిడియం లాంటి ఉపగ్రహ ఫోన్లు మన దేశంలోకి అనుమతి లేకుండా తేవటం నేరం. గల్ఫ్‌లో, ఓడల్లో, గనుల్లో అది మామూలు వస్తువు కనుక తెలియక సంచిలో వేసుకుని వచ్చి విమానాశ్రయంలో చిక్కుకున్నవాళ్ళున్నారు. ఇక్కడ చట్టబద్ధంగా కావాలంటే బి.ఎస్.ఎన్.ఎల్. వారి ద్వారా అనుమతితో తీసుకునే ఏర్పాటు 2017 నుంచి ఉంది. పండక్కి వచ్చే పిల్లలకు ఫోన్ చేసినప్పుడు ఈ మాట చెప్పండి.

అడగదలచినవి ఏమైనా ఉంటే టీ దగ్గర అడగండి, నాకు తెలిసింది చెబుతాను. సెలవు.